నైరుతి తలుపు

కర్పూరం వాసన నాకు పడదు. నిన్న ఫిల్మ్‌నగర్‌లో కొత్త డబ్బింగ్ థియేటర్ ప్రారంభానికి పిలిస్తే వెళ్లాను. మైకు ముందు హారతి వెలిగించి పళ్లెం నా వైపు తిప్పారు. అందరూ కళ్లకద్దుకుంటుంటే నేను వెనక తలుపు ఎక్కడుందా అని వెతుక్కున్నాను. ఈ అలవాటు నేర్పింది యాదగిరన్న.

నేను మేనేజరుగా చేసిన స్టూడియోలో ఆయన ఎలక్ట్రీషియన్. మూడో అంతస్తు, కిటికీల్లేని హాలు, చప్పుడు ఆపడానికి గోడలనిండా ఫోమ్. అక్కడ డబ్బింగ్ చేసిన సినిమాలు వరసగా రెండు పోయేసరికి, నైరుతిలో తలుపుండకూడదని వాస్తు సిద్ధాంతి చెప్పాడు. మా యజమాని వెనక మెట్ల తలుపుకు తాళం వేయించి, దానికి అడ్డంగా షీల్డుల బీరువా పెట్టించాడు. తాళంచెవి జూబ్లీ హిల్స్‌లో ఆయన పూజగదికి చేరింది. ఒక మధ్యాహ్నం యాదగిరన్న హాల్లో లైట్లన్నీ ఆర్పేశాడు.

"సారూ, గోడ పట్టుకొని ఎనక తలుపు కాడికి పోండ్రి."

వెళ్లి బీరువాకు గుద్దుకున్నాను. నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"రేపేమన్నయితే చట్టం ఓనర్‌నే అడుగుతది సారూ. గని పొగ లోపలున్నోళ్లనే పట్టుకుంటది."

అగ్నిమాపక అనుమతి పునరుద్ధరణకు తనిఖీ వచ్చిన రోజు బీరువా జరిపాం, తలుపు బార్లా తెరిచాం, ఫొటోలు తీశారు. అధికారి మెట్లు దిగగానే మళ్లీ తాళం పడింది. ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచుతామన్న కాగితం మీద యాదగిరన్నను సంతకం పెట్టమన్నారు.

"తాళం తీయుండ్రి సార్, ఇప్పుడే పెడ్త," అన్నాడు.

యజమాని నా వైపు తిరిగాడు. "నువ్వు పెట్టవయ్యా, మేనేజరువేగా."

పెట్టాను. మర్నాటినుంచి యాదగిరన్నను రావద్దన్నారు. ఆయన్ని కింది గేటు దాకా సాగనంపి వచ్చాను. పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను.

ఆర్నెల్లు తిరక్కుండా, కొత్త సినిమా డబ్బింగ్ మొదటి రోజు, హారతి మంట ముందువైపు తలుపు పక్కనున్న ఫోమ్‌కు అంటుకుంది. ఉన్నవాళ్లమంతా మీద పడి బీరువాను పక్కకు తోశాం. తాళంచెవి పూజగదిలో భద్రంగా ఉంది. తలుపు విరిగేదాకా తన్నాం. ప్రాణాలతో అందరం బయటపడ్డాం. కానీ పాతికేళ్లుగా హీరోయిన్లకు గొంతిచ్చిన సరళగారి గొంతు మాత్రం ఆ పొగలోనే పోయింది. విచారణలో మా యజమాని ఆ కాగితం చూపించి, "సంతకం మేనేజరుదండీ," అన్నాడు. ఆ తరవాత అదే హాల్లో శాంతి హోమం చేయించాడు. ఆ మనిషి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు, నా మీద అసలే చల్లారలేదు.

మధురానగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా ఉన్న యాదగిరన్నను వెతుక్కుంటూ వెళ్లాను. తిడతాడనుకున్నాను. "సరళమ్మ మాట్లాడుతదా?" అని మాత్రం అడిగాడు.

"పెదాలు కదుపుతారన్నా. దగ్గరికెళ్లి వినాలి."



నిన్న ఆ కొత్త థియేటర్లో వెనక తలుపు దొరికింది. దాని ముందు కుర్చీల దొంతర. ఒక్కొక్కటే పక్కకు లాగుతుంటే, "ఇప్పుడెందుకండీ అవన్నీ?" అన్నారెవరో. గడియ తీసి తలుపు తోశాను. అప్పుడు సంతకం పెట్టిందీ ఈ చెయ్యే.