క్రేను క్యాబిన్లో మూడో పాట

మా షెడ్డు ఆటోనగర్‌లో. ఇనప రేకులెత్తే క్రేను నాది. పైకప్పు కింద పట్టాల మీద నడుస్తాది, దాని క్యాబిన్లోనే మన కూర్చోడం. మెట్ల దగ్గర ఆగితేనే ఎక్కగలం, దిగగలం. తర్వాతి షిఫ్టు రిలీవరొచ్చి సీట్లో కూర్చుంటే తప్ప దిగకూడదు. నా రిలీవరు బావ. వరసకి బావేం కాదు, కాలేజీ నాటి పిలుపు. పదేళ్లుగా సీటు మార్చుకుంటన్నాం. "బ్రేకు బాగుంది", "హుక్కు చూసుకో", అంతే మా మాటలు.

మాటలు అంతకి తగ్గిపోడంలో తప్పు నాదే. కాలేజీలో మాకో రాక్ బ్యాండుండేది. నాను గిటారు, ఆడు డ్రమ్ములు. మాకు దేవుడిలాంటి పెద్ద గిటారిస్టొకాయన, తన అసలు బ్యాండు పక్కనెట్టి, పేరులేని ముగ్గురితో ఒక ఆల్బం చేసేడు. అందరూ తిట్టేరు, నాను ఇంకా గట్టిగా తిట్టేను. మిగిలిన పిండితో అట్టేసినట్టుందన్నాను. బావకి మాత్రం అది ప్రాణం. అందులో మూడో పాట డ్రమ్మరే పాడతాడు. మన ప్రోగ్రాంలో ఆ ఒక్క పాట నన్ను పాడనీ బావా, అని బతిమాలేడు. "నీ గొంతుకి మైకొకటా, కర్రలు పట్టుకో" అన్నాను, అందరి ముందూ. కర్రలు అక్కడే పెట్టేసి ఎల్లిపోయేడు. తర్వాత బతుకుతెరువు ఇద్దర్నీ ఈ షెడ్డులోనే పడేసింది.

మొన్న రెండింటికి రావాల్సిన బావ నాలుగైనా రాలేదు. గాజువాకలో లారీ అడ్డం తిరిగిందని కింద నుంచి సూపర్‌వైజరు అరిచేడు. పైకప్పు రేకుల వేడికి క్యాబిన్ ఉడికిపోతంది. నీళ్లసీసా ఖాళీ. సీటు కింద బావ మర్చిపోయిన పాత పాటల ప్లేయరు కనపడితే, తోచక దాని ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నాను. అదే ఆల్బం.

అప్పట్లో గిటారు సోలో కోసం ఎతికి, లేదని చెత్తన్నాను. ఇప్పుడు పారిపోడానికి చోటు లేక మొత్తం విన్నాను. అంత పెద్దాయన ఎక్కడా ముందుకి రాడు. మూడో పాటలో డ్రమ్మరు గొంతు పైకెల్లలేక జీరపోతాది. అప్పుడాయన అన్నీ తగ్గించేసి, రెండే తీగలు మెల్లగా మీటుతా ఆ గొంతుని నిలబెడతాడు. ఇంత మంచి పని నాను ఎప్పుడూ చెయ్యలేదు. సచ్చేంత సిగ్గేసింది.

ఐదింటికి బావ మెట్లెక్కొచ్చి నా చెవుల వైపు చూసేడు. "బ్రేకు కొంచెం లేటుగా పడతంది, చూసుకో" అన్నాను. సీటిచ్చి గుమ్మం దాకా ఎల్లి ఎనక్కి తిరిగేను.

"ఆ పాట నీకివ్వాల్సింది బావా. నాదే తప్పు."

"ఇప్పుడిస్తే ఎక్కడ పాడాల?" అన్నాడు, ఎదురుగా చూస్తా.

ఆడు లివరు లాగేడు. నాను లోపలుండగానే క్రేను మెట్ల దగ్గర్నుంచి కదిలిపోయింది.

"ఏటి బావా, నాను దిగాల."

"షెడ్డు సివరిదాకా ఎల్లొస్తాది. అందాకా ఏటి సేత్తావ్? ఇను."

మూడో పాట ఎత్తుకున్నాడు. అదే చోట గొంతు జీరపోయింది. ఆ రెండు తీగల్నీ నాను నోటితో మెల్లగా అందుకున్నాను.