గుడ్ ఫ్రైడే నాటి గేటు పాస్

కృపావతి మొండిది. వీరులపాడులో కూలి చేసి కూతుర్ని చదివించిన తండ్రి మొండితనమే ఆమెకూ వచ్చింది. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్లో లారీ నంబర్లు ఎక్కించే పనికి చేరి, పదేళ్లలో అక్కడి సాఫ్ట్‌వేర్ లోతుపాతులన్నీ పట్టేసింది.

ఫ్యాక్టరీ క్వారీలో రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బ్లాస్టింగ్, మందుగుండుతో రాయి పేలుస్తారు. ఆ సమయానికి లోపల టిప్పర్లు ఉండకూడదు. సైరన్ మోగిస్తారు గానీ, రాళ్లు ఎత్తే రొదలో అది ఎవరికి వినపడాలి? అందుకే కృపావతి టిప్పర్లకు గేటు పాస్ ఇచ్చే మాడ్యూల్‌లో ‘బ్లాస్టింగ్ టైము’ అని ఓ కొత్త సెట్టింగ్ చేర్చింది. ఆ టైముకు గంట ముందే స్క్రీన్ ఎర్రబడుతుంది, పాస్ రాదు.

గేటు దగ్గర ముప్పై ఏళ్లుగా, పేలుళ్ల వేళ బండ్లు పోకుండా గొలుసేసి ఎర్రగుడ్డ కట్టే రత్తయ్యతో, "ఇంక ఆ గుడ్డ దాచెయ్ బాబాయ్, స్క్రీన్ చూస్తే చాలు" అంది. ఆయన తలూపాడు. ఒప్పుకున్నాడనే అనుకుంది. తన పనితనం మీద అంత ధీమా.

క్వారీ పక్క పల్లెలో గుడ్ ఫ్రైడే ఆరాధన పన్నెండు నుంచి మూడు దాకా జరుగుతుంది. మధ్యలో పేలుళ్లు వద్దని, ఆ రోజుకు పదకొండింటికే కానివ్వమని మేనేజర్‌ను బతిమాలి ఒప్పించింది కృపావతే. ఆ సంబరంలో సెట్టింగ్‌లో టైము మార్చడం మర్చిపోయింది.

శుక్రవారం పదిన్నర దాటాక, నందిగామలో బస్సు దిగి చర్చికి నడుస్తుంటే గుర్తొచ్చింది. స్క్రీన్ ఇంకా పచ్చగానే ఉంటుంది, పాసులు వస్తూనే ఉంటాయి. ఆఫీసు కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా మార్చడానికి లేకుండా తాళం వేసింది కూడా తనే. మేనేజర్ ఫోను అందలేదు. గేటు ఫోను ఎవరూ ఎత్తలేదు. ఈ షిఫ్టులో టిప్పర్ నడుపుతున్న తమ్ముడు బెన్నికి చేసింది.

మోగింది. అదే ఆమెను మరింత భయపెట్టింది. మందుగుండు ఉన్నచోట ఫోను ప్రమాదమని, లోపలికి వెళ్లే ప్రతి డ్రైవరూ దాన్ని గేటు దగ్గరి పెట్టెలో పడేసి వెళ్లాలి. ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. అంటే బెన్ని లోపలికి వెళ్లిపోయాడన్నమాట.

జగ్గయ్యపేటకు ఆటో మాట్లాడుకుని ఎక్కింది. బెన్ని నంబరుకే మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చుంది. దారిలోనే పదకొండయింది. అయిదు నిమిషాల తర్వాత బెన్ని నంబర్ నుంచి ఫోను.

"నేనమ్మా, రత్తయ్యని. పెట్టెలో ఒకటే మోత, ఇప్పుడే తీశా."

"బాబాయ్, బెన్ని..."

"ఇక్కడే ఉన్నాడు, నన్ను తిడతన్నాడు. పాస్ వచ్చాక కూడా ఆపుతావా, మా అక్క ప్రోగ్రామంటే లెక్కలేదా అని. పదకొండింటికని నిన్న నువ్వేగా చెప్పావు? స్క్రీను పచ్చగానే ఉంది గానీ, నేను గొలుసేసి గుడ్డ కట్టేశా. ఒక్క బండిని కూడా పోనీలా."

ఆటోలో కూర్చుని పసిపిల్లలా ఏడ్చింది కృపావతి.

సోమవారం మాడ్యూల్‌లో ఇంకో సెట్టింగ్ చేర్చింది. గేటు మనిషి బటన్ నొక్కి ఆపితే, టైము ఏదైనా సరే పాస్ రాదు. రత్తయ్య కళ్లజోడు సర్దుకుని ఒకసారి నొక్కి చూశాడు. తర్వాత లేచి, ఎప్పటిలాగే గొలుసు దగ్గరకు నడిచాడు. ఆయన చేతిలో వెలిసిపోయిన ఆ గుడ్డను చూసి, మర్నాడు కృపావతి కొత్త ఎర్రగుడ్డ కొని తెచ్చింది.