రెండు గట్లూ ఒకే ఊరు

మస్తూరాకి కుళ్లు ఎక్కువ. ఇందులో దాపరికం ఏం లేదు, ఆవిడే చెప్పుకునేది. "నాకు కుళ్లేనమ్మా, అయితే ఏంటట? మీ మొగుళ్లు పొద్దుగూకేసరికి ఇంటికొస్తారు కాబట్టి మీకు లేదు" అని మర్తపురా ఏటి సంతలో పడవకి పడవ ఆనించి మరీ దెబ్బలాడేది. ఆవిడ అమ్మేది బింకా. బంగాళాదుంప, గుడ్లు, కొబ్బరిపాలు కలిపి కాల్చే ఆ తీపిని బంజర్మాసిన్ ఊరు మొత్తమ్మీద అంత మెత్తగా ఇంకెవరూ చెయ్యలేరని ఆవిడ శత్రువులు కూడా ఒప్పుకుంటారు. శత్రువులంటే బోలెడుమంది కాదులెండి, ఒక్కతే. సవతి రుస్మినా.

మొగుడు బస్రానీ ఎండుచేపల వ్యాపారి. ఎప్పుడూ నవ్వు మొహమే, వచ్చిన చిక్కల్లా దాంతోనే. పెళ్లయిన కొన్నేళ్లకి ఏటికి అవతలి గట్టున రుస్మినాని నికా చేసుకుని, ఆ సంగతి నింపాదిగా, అన్నం తింటూ చెప్పాడు. మస్తూరా కొరమీను కూర పట్టుకెళ్లి ఏట్లో పారబోసింది. గిన్నె కూడా పోయింది.

ఆనాటినుంచీ ఆవిడ సంతకి పోయే దారి మారిపోయింది. ఇవతలి గట్టు వెంట పోతే దగ్గర. అయినా సరే, ఏరు అడ్డంగా దాటి, రుస్మినా ఇంటి మెట్ల ముందునుంచే తెడ్డు వేసుకుంటూ పోయేది. తీగ మీద మొగుడి లుంగీ ఆరేసి ఉందా లేదా, ఉంటే పాతదా కొత్తదా, కొత్తదైతే ఎవరు కొన్నారు, ఇవన్నీ తేలితే గానీ ఆవిడకి ఆ పూట బేరం మీద మనసు నిలిచేది కాదు. ఆయన ఇంటికొచ్చాక, "అవతల ఎండ బాగా కాస్తుందటగా, లుంగీలు ఇట్టే ఆరిపోతున్నాయి" అని దెప్పేది. ఆయన నవ్వేసేవాడు. రుస్మినాతో మాత్రం ఒక్క మాటంటే ఒక్క మాట లేదు. "ఆ మెట్టు తొక్కితే నా కాళ్లు విరిగిపోవాలి" అని సంతంతా వినేట్టు అంది ఓసారి.

ఒక శుక్రవారం తెల్లవారుతుండగా బస్రానీ గుండె ఆగి పోయాడు. పోయింది అవతలి గట్టున.

కబురు వినగానే మస్తూరా ఏడవలేదు. "చావడానికి కూడా దాని ఇల్లే దొరికిందా ఈయనకి!" అంది. ముసుగు సర్దుకుని నేరుగా మసీదు పక్కనున్న జుహ్రీ గురువుగారింటికి నడిచింది.

"గురువుగారూ, మధ్యాహ్నం జుమా నమాజు అయ్యాక మా ఆయనకి మీరు గాయిబు నమాజు చదివించాలి. మక్కాలో పోయిన హాజీగారికి చదివించారుగా. అలాగే. నేను మా ఇంట్లో నిలబడి చదువుకుంటాను."

"అది శవం మన దగ్గర లేనప్పుడు చదివేదమ్మా."

"నా దగ్గర ఎక్కడుంది?"

"వేరే ఊళ్లో ఉంటే సరే. ఉన్న ఊళ్లోనే ఉన్నప్పుడు అలా చదివితే చెల్లదు, వెళ్లాల్సిందే. మన షాఫయీల పద్ధతి అది."

"మధ్యలో ఏరుంది కదండీ!"

"అవతలి గట్టు మగవాళ్లు జుమాకి ఏ మసీదుకొస్తారు? మన మసీదుకే కదా. రెండు గట్లూ ఒకే ఊరమ్మా. మంచాన పడి కదల్లేకపోతే వేరే మాట. నీకేం, నిక్షేపంలా ఉన్నావు."

"నాకు కుళ్లు జబ్బుందండీ. అది పనికిరాదా?"

గురువుగారికి నవ్వొచ్చింది, టీ గ్లాసు అడ్డం పెట్టుకున్నారు. "పనికిరాదు."

"పోనీ, పూడ్చాక గోరీ దగ్గర చదువుకుంటాను. అదైనా చెల్లుతుందా?"

"భేషుగ్గా చెల్లుతుంది. కాకపోతే స్నానం రుస్మినా ఒక్కతే చేయిస్తుంది. మొగుడికి ఆఖరి నీళ్లు పోసే హక్కు మీ ఇద్దరిదీ. వద్దనుకుంటే నీ ఇష్టం."

"ఒక్కతేనా?" అని లేచింది మస్తూరా. తెడ్డు అందుకుని ఏరు దాటేసింది, దడదడా ఆ మెట్లెక్కేసింది.

పెరట్లో తెర కట్టారు. రుస్మినా మొహం ఉబ్బిపోయి ఉంది. ఆవిడని చూడగానే పక్కకి జరిగి, "అక్కా, ఆఖరివి, కర్పూరం నీళ్లు, మీకోసం ఉంచాను" అంది.

మస్తూరాకి ఒళ్లు మండిపోయింది. ఎంత మంచితనమో చూడండి! ఈ మంచి పేరు కూడా దీనికేనా? గొడవ పడదామని వచ్చిన మనిషికి గొడవ పడే సందు కూడా లేకుండా చేసిందే! చెంబు లాక్కుని తల మీదినుంచి నెమ్మదిగా పోసింది. పోస్తూ కూడా, ఆయన మీసం ఎంత పొందిగ్గా దువ్వారో కనిపెట్టింది. తను ఎన్నిసార్లు దువ్వుకోమన్నా వినేవాడు కాదు.

కఫన్ గుడ్డ చుట్టారు. గురువుగారొచ్చి ముందు నిలబడ్డారు, వెనక మగవాళ్లు, వాళ్ల వెనక ఆడవాళ్లు. మస్తూరా రుస్మినా కంటే ఒక అరడుగు ముందుకి జరిగింది. "వరస సరిచేసుకోండి" అన్నారు గురువుగారు వెనక్కి చూసి. ఆవిడ గొణుక్కుంటూ వెనక్కి జరిగింది. నమాజు అయింది.

పాడె ఎత్తబోతుంటే బస్రానీ ఫోను మోగింది. రుస్మినా తీసింది, విన్నది, దాన్ని మస్తూరా చేతిలో పెట్టింది.

ఆడగొంతు. "నేను సంపిత్ నుంచండీ. సరుకు లాంచీ వాళ్లు చెప్పారు... స్నానం అయిందాండీ? జుమా అయ్యాక మా ఇమాముగారు ఆయనకి గాయిబు నమాజు చదివిస్తామన్నారు. స్నానం కానిదే చదవకూడదట, కనుక్కోమన్నారు."

"నువ్వెవరమ్మా?"

"ఆయన భార్యనండీ."

మస్తూరా ఫోను అరచేత్తో మూసింది. నెలనెలా ఎండుచేపలు అమ్మడానికని సంపిత్ వెళ్లేవాడు. ఇన్నేళ్లూ తను కాపలా కాసింది తప్పు గట్టు! "నీకు తెలుసా?" అంది రుస్మినాతో. జన్మలో సవతితో మాట్లాడిన మొదటి మాట అదే.

"మీమీద ఒట్టక్కా, తెలీదు."

"గురువుగారూ, సంపిత్ వేరే ఊరేనా?"

"వేరే ఊరేనమ్మా. పగలంతా ప్రయాణం."

"అయితే దానిది చెల్లుతుందా? కన్నెత్తి మొహం చూడకుండా?"

గురువుగారు తలొంచుకున్నారు. "చెల్లుతుంది. స్నానం అయిందని తెలిస్తే చాలు."

ఇంకా కాలేదు అంటే సరి. ఒక్క మాట. అక్కడ జుమా అయిపోతుంది, జనం లేచి ఇళ్లకి పోతారు, దానికి ఏమీ దక్కదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. రుస్మినా ఆవిడ మొహంలోకే చూస్తోంది, కాలేదని చెప్పమన్నట్టు.

ఫోన్లో ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు. "అండీ, ఉన్నారా? మీరు ఆయనకేమవుతారు?"

"భార్యలం" అంది మస్తూరా.

అటు చప్పుడు ఆగిపోయింది.

"ఉన్నావా, పోయావా? స్నానం అయింది. మేమిద్దరమే పోశాం. చదువుకో. నీకేం తల్లీ, మా మొహాలు చూసే ఖర్మ లేదు నీకు."

ఫోను కట్టేసి, రుస్మినా పక్కన చతికిలబడి, అప్పుడు ఏడ్చింది. బిగ్గరగా, వాకిట్లో మగవాళ్లు తిరిగి చూసేలా ఏడ్చింది. ఏడుస్తూనే సవతి మోచెయ్యి గట్టిగా పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, "గొంతు విన్నావుగా, దానికి ఎన్నేళ్లుంటాయంటావు?" అని అడిగింది.