అప్పడాల అనసూయ, మా అత్త, ఒక కోతి

మా మేనత్త జానకీబాయికి ఎవరు ఏ బాధ చెప్పుకున్నా ఆమె ఇచ్చే మందు ఒక్కటే: డిటెక్టివ్ నవల. అదీ ఏదో ఒకటి కాదు. పెద్దపల్లిలో ఆమె ఇంటి వసారాలో రెండు ఇనుప బీరువాలుండేవి. వాటి నిండా ఆడవాళ్లు దొంగలను పట్టే నవలలే. ఆ ఆడవాళ్లలో ఒక్కరూ పోలీసు కాదు. ఒకామె అప్పడాలు చేస్తుంది, ఒకామె బట్టలు కుడుతుంది, ఇంకొకామె పోస్టాఫీసులో ముద్రలు వేస్తుంది. చేతిలో పని ఆపకుండానే హంతకుణ్ణి పట్టేస్తారు.

"రక్తం ఒక్క పేజీ దాటద్దు బిడ్డా. నడుమ నడుమ తిండి ఉండాలె. దొంగ దొరికినంక అందరు కూసొని చాయ్ తాగాలె. గదీ పుస్తకమంటె!" అనేది.

గ్యాస్ బండ తెచ్చినతను పాపం ఒకసారి నడుం పట్టుకున్నాడు. అంతే, లోపలికి పిలిచింది.

"నడుం నొప్పా? 'దర్జీ దమయంతి' పట్టుకపో. మొదటి భాగంతోనే షురూ చెయ్యాలె, నడుమల దూరద్దు. ఆమె కుర్సీల నుంచి లేవకుంటనే దొంగను పడ్తది."

"జర బామ్ ఉంటె ఇయ్యుండ్రమ్మా."

"బామ్ రాసుకుంటనే చదువు!"

బీపీ ఉన్నవాళ్లకు హత్య లేని భాగాలు ఏరి ఇచ్చేది. వాటిలో మహా అయితే ఒక మేక తప్పిపోతుంది. తనకు షుగర్ వచ్చిందని డాక్టరు ఏవో రాసిస్తే, ఆ చీటీ వెనకవైపు ఆయనకు మూడు నవలల పేర్లు రాసి తిరిగి ఇచ్చివచ్చింది. డాక్టరు చెప్పినవాటిలో ఆమె పాటించింది ఒక్కటే, అరటిపండు సగమే తినడం. మిగిలిన సగాన్ని తొక్కతో కప్పి, చీర కుచ్చిళ్లు సర్దినంత శ్రద్ధగా మడిచి, "రేపటికి" అని పక్కన పెట్టేది.

అత్తాకోడళ్లకు పడకపోతే మాత్రం 'అప్పడాల అనసూయ' సిరీస్. అందులో అనసూయ, ఆమె అత్త కలిసి పరిశోధన చేస్తారు. ఎదురింటి రోజారాణికి, ఆమె అత్త శంకరవ్వకు అదే ఇచ్చింది. శంకరవ్వకు చూపు ఆనదు, కోడలే చదివి వినిపించాలి. దొంగెవరో తేలేదాకా ఆ ఇంట్లో పోట్లాటలు వాయిదా పడేవి. చివరి పేజీ కాగానే మళ్లీ మొదలయ్యేవి. అందుకే మా అత్త తర్వాతి భాగం చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే కాచుకుని ఉండేది.

ఇన్ని చదివిన మనిషి ఊరికే కూర్చుంటుందా? వాడకట్టులో ఏం పోయినా తనే కేసు పట్టేది. చిక్కేమిటంటే, ఆమె పట్టిన ప్రతి కేసులోనూ దొంగ ఒక్కటే. ఆరేసిన రవిక పోతే కోతి. చెప్పు పోతే కోతి. పెద్దపల్లిలో కోతులకు కొదవ లేదు కనుక సగం సార్లు నిజమే అయ్యేది.

"అత్తా, పాలాయన సైకిల్ పోయింది. గది గూడ కోతేనా?"

"తొక్కుడు నేర్సిందేమో. నీకేం ఎర్క?"

రెండేళ్ల కింద, బతుకమ్మకని నేను కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు రోజారాణి వెండి కుంకుమ భరిణె పోయింది. ఇల్లంతా వెతికారు. దొరకలేదు. ఆ ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్లల్లో బోళ్లు తోమే ఐలవ్వ వైపు అందరి చూపులూ తిరిగాయి.

"నేను ఎవ్వలిని అంటలేను. గని బయటిసంది ఇంట్లకొచ్చేది ఐలవ్వ ఒక్కతే గదా," అంది రోజారాణి.

"కొంగు దులిపి చూపిస్త. నా ఇల్లు దేవులాడుకోండ్రి," అని ఐలవ్వ కొంగు విప్పింది. "గీ మాట వడ్డంక నన్ను ఏ గడపల అడుగు పెట్టనిస్తరు?"

మా అత్త చెయ్యెత్తింది. "ఎవ్వలు ఏం అనద్దు! రేపు పొద్దుమీకి అందరు మా వసారల చాయ్‌కు రాండ్రి. దొంగను చెప్త."

ఇది అనసూయ పద్ధతి. ప్రతి భాగంలోనూ ఆమె అందరినీ టీకి పిలిచాకే దొంగ పేరు చెబుతుంది. ఆ వెంటనే అత్త, శంకరవ్వకు కాసేపు పుస్తకం చదివి వస్తానని ఎదురింటికి వెళ్లింది. ఇంత పరేషాన్‌లో పుస్తకమేమిటని మేం నవ్వుకున్నాం.

మర్నాడు సాయంత్రం అందరూ కప్పులు పట్టుకుని కూర్చున్నారు. అత్త గొంతు సవరించుకుంది.

"దొంగ మనిషి గాదు."

"కోతా?" అన్నారు అందరూ ఒక్కసారే.

"అవ్. రోజా, మీ వంటింటి కిటికీ మీది సజ్జ చూపియ్యి."

ఐలవ్వ కింద నిచ్చెన పట్టుకుంది, నేను ఎక్కాను. నిజంగానే భరిణె అక్కడుంది! పక్కనే సాక్ష్యంగా సగం తిన్న అరటిపండు. మిగతా సగం తొక్క కప్పుకుని బుద్ధిగా పడుకుని ఉంది. ఎక్కడో చూసినట్టు అనిపించింది కానీ, నిచ్చెన ఊగుతుంటే మనిషికి ఆలోచనలు సాగవు.

ఐలవ్వ భోరుమని ఏడ్చింది. రోజారాణి ఆమె చేతులు పట్టుకుంది. వాడకట్టు పిల్లలు మాత్రం ఆ రోజు నుంచి మా అత్తకు 'కోతుల ఇన్‌స్పెక్టర్' అని పేరు పెట్టారు. ఆమె ఆ పేరుకు సంతోషంగా పలికేది కూడా.

ఈ మాఘంలో అత్త పోయింది. మూడో రోజు డాబా మీద పిట్టకు పెట్టాం. ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించాం: అప్పడం, గారె, అరటిపండు, పక్కన చాయ్. కాకి నీళ్ల ట్యాంకు మీద కూర్చుని చూస్తోంది తప్ప దిగి రాదు. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కోరిక ఉన్నట్టే కదా.

"అక్కా, నీ పుస్తకాలు పాత సామానుకు ఎయ్యం, ఫికర్ చెయ్యకు," అన్నాడు మా బాపు. కాకి కదల్లేదు.

"అత్తా, అడిగినోళ్లకు అడగనోళ్లకు నేను ఇస్త," అన్నాను నేను. కాకి ఎగిరిపోయింది.

అంతలో గోడ మీంచి ధబ్బున ఒక కోతి దూకింది. అరటిపండు అందుకుని, ఒలిచి, మొత్తం మింగి, తొక్కను మా బాపు భుజం మీదికి విసిరింది. బాపు "అయ్యో, కోతి ముట్టింది!" అని తల పట్టుకున్నాడు.

నా పక్కన రోజారాణి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"చూసినవా శ్రేయా? సగం మిగిలిచ్చిందా? తొక్క మడత పెట్టిందా?" అంది గుసగుసగా.

నాకు నిచ్చెన మీద రాని ఆలోచన అప్పుడొచ్చింది.

"నీకు ముందే ఎర్కనా?"

"గా దినమే ఎర్క. మూత తీస్తె కుంకుమల బియ్యం గింజలున్నయ్. మా అత్తమ్మనే బియ్యం డబ్బాల దాసి మర్సిపోయింది. పుస్తకం చదువుతనని వచ్చి జానకి చిన్నమ్మ దాన్ని తీసింది. గన్ని అనసూయ పుస్తకాలు చదివినదాన్ని, గంత తెల్వదా?"

"మరి చెప్పలేదేంది?"

"అత్తమ్మకు మతి తప్పుతుందని వాడకట్టంత అనాల్నా? చిన్నమ్మ కోతి అన్నంక నాకూ కోతే."

వెనక నుంచి ఐలవ్వ తల దూర్చింది. "అసలు తెల్లారంగ నిచ్చెన పట్టింది గూడ నేనే. అమ్మ ఎక్కుతుంటె నా పానం పోయింది. అరటిపండెందుకమ్మా అంటె 'సాక్ష్యం ఉండాలె ఐలీ' అన్నది. మొత్తం తిందామనుకున్నది గాని, నడుమల షుగర్ యాదికొచ్చింది."

"మరి గట్లెందుకు ఏడిస్తివి?"

"ఏడ్వుమని గూడ ఆమెనే చెప్పింది!"

ముగ్గురం ఇక ఆపుకోలేకపోయాం. కుర్చీలో కూర్చున్న శంకరవ్వ మా వైపు తల తిప్పింది.

"ఏందే గా నవ్వుడు? పిట్ట ముట్టిందా?"

"కోతి ముట్టింది అత్తమ్మా," అంది రోజారాణి.

"గదేనా మా భరిణె ఎత్కపోయిన దొంగముండ?"

"గదే!" అన్నాం ముగ్గురం ఒకే గొంతుతో.

శంకరవ్వ చేతికర్ర గాలిలో ఆడించింది. ఏ పాపమూ ఎరుగని ఆ కోతి ట్యాంకు మీదికెక్కి మమ్మల్ని వింతగా చూసింది. దొంగ దొరికింది కనుక, మేమంతా కూర్చుని చాయ్ తాగాం.