రెక్క ఇరగనియ్యని మా అత్త

అరవైల మాట. వరంగల్ల మా ముందలి అర్రల కాలేజీ సారొకాయన కిరాయికుండె. వెదురు పుల్లలు, పతంగి కాయితంతోటి మూరెడు విమానం చేసి, టేబుల్ ఫ్యాను ముంగట కడ్డీకి నిలవెట్టిండు. దాని తోక రేకులకు దారాలు గట్టి, కుర్చీ కాడున్న కట్టెకు ముడేసిండు. ఫ్యాను తిరుగుతాంటె, కుర్చీల కూసున్నోళ్లు కట్టె గుంజుకుంట విమానం ఒరగకుంట ఆపాలె.

"పైన రెక్క ఇరిగితె పైలెట్ ఎట్ల సంభాళిస్తడో కిందనే తెలుసుకోవాలె వదినా" అనెటోడు. రెక్క జరంత జరంత కత్తిరించి, ప్రతిసారి కట్టె ఎంత గుంజాల్సొచ్చిందో రాసుకునెటోడు. రోజూ పైలెట్ని నేనే. బియ్యం చెరిగిన చేతులకు అదెంత!

పట్నం నుంచి పెద్దసారొచ్చి మెచ్చితెనే కాలేజోళ్లు ఈ పని సాగనిస్తరట, లేకుంటె బందేనట. ఆ పొద్దు సారు ఎడమ రెక్క సగం కత్తిరించిపెట్టి, ఆయన్ని తోల్కరాను స్టేషనుకు పోయిండు.

మా అత్తది పరకాల. ఇంటికి మనిషొస్తాండంటె ఇరిగిన పీట గూడ కండ్లవడనియ్యది. నేను వంటింట్ల ఉప్మా చేస్తాంటె, ఆమె మైదాపిండి ఉడకేసి, పెండ్లి పత్రిక ముక్కతోటి రెక్కను నిండుగ అతికిచ్చింది.

సారు తలుపు తీసి సూసి సున్నం గొట్టిన గోడ లెక్కయిండు.

"ఏదయ్యా, ఇరిగిన రెక్క?" అన్నడు పెద్దసారు.

"నేనే అతికిచ్చిన బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నది అత్త.

సారు కత్తెర అందుకోంగనే అత్త అడ్డం నిలవడ్డది. "ఇంకా తడన్న ఆరలే! సక్కగున్నదాన్ని ఇరగ్గొట్టెటందుకేనా నీకు జీతమిచ్చేది?"

"పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత!" అన్నడు సారు.

పెద్దసారు నవ్వుకుంట అడిగిండు, "అవ్వా, పైన ఎగిరెటోడు నీ కొడుకే అనుకో. ఆడ రెక్క ఇరిగింది. అప్పుడెట్ల?"

అత్త పిండి గిన్నె దిక్కు సూసింది. "ఆడ మైదా ఎట్ల దొరుకుతది!" అని కత్తెర గుంజుకొని తనే కత్తిరించింది, సారు కత్తిరించినదానికంటె రెండు వేళ్లంత ఎక్కువనే.

"ఇదెంత పని" అనుకుంట పెద్దసారు కుర్చీల కూసున్నడు. ఫ్యాను వెయ్యంగనే విమానం ఎడమకు ఒరిగింది. ఆయన కట్టెతోపాటు ఒళ్లంత గూడ కుడిదిక్కు గుంజిండు. కుర్చీ ఆ దిక్కే ఒరిగి వడ్డది.

"అయ్యో! అతుకు ఉంచితె పడకపోదువు గద బిడ్డా!" అన్నది అత్త.

పెద్దసారు చాప మీద పడ్డడు గని కట్టె ఇడువలే. పైన విమానం సక్కగ నిలవడ్డది.

"నన్ను లేపుడు ఆపి, ఎంత గుంజిన్నో ముందు రాసుకోవయ్యా!" అని కిందినుంచే అరిసిండు. "పని సాగనియ్యి!"

సారు టేపు పట్టుకొని ఆయన పక్కన్నే బోర్ల పండి కొలిసిండు.