అన్న కొడుకు చెప్పుకోలేని జబ్బు

రెండు వేల రెండో సంవత్సరం మే నెల మొదటి శుక్రవారం, పగలు పదకొండు గంటలకు భివండి నాగావ్‌లో మా వదిన ఖోలీలో, ఆ ఒంటి గదిలో, పంచాయతీ కూర్చుంది. భివండిలో శుక్రవారం సాంచాలు బంద్. ఆ కరెంటు మగ్గాల మోత లేకపోతేనే ఒకరి మాట ఒకరికి వినబడుతుంది. అందుకే కలిపే మాటలైనా విడదీసే మాటలైనా తెలంగాణ నుంచి వలసొచ్చిన మావాళ్ళు ఆ రోజే పెట్టుకుంటారు.

ఆనాటి మాట మా అన్న కొడుకు భార్య గురించి. పెళ్ళై ఆరేళ్ళయినా కడుపు పండలేదు. ఆమెను పుట్టింటికి పంపేసి కొడుక్కి మరో సంబంధం చూడాలని మా వదిన పట్టు. అన్న పోయాక ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లుతుంది. తీసుకుపొమ్మని ఆ పిల్ల అన్నను ఊరి నుంచి రప్పించింది కూడా.

లోపం ఎవరిదో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. మా అన్న కొడుక్కి, నాకు.

ఆ ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో వాడు సాంచ పక్కనే కళ్ళు తిరిగి పడ్డాడు. అప్పటికే బిందెలకు బిందెలు నీళ్ళు తాగేవాడు, ఊరికూరికే ఒంటికి పోయేవాడు. ఠాణేలో డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. షుగర్ అన్నాడు. పెళ్ళికి ముందు నుంచే ఉండాలి, ఎవరూ చూడలేదన్నాడు. పిల్లలెందరని అడిగాడు. లేరనేసరికి నన్ను బయట కూర్చోమన్నాడు, కానీ వాడు నా చెయ్యి వదల్లేదు. ఇక డాక్టరు నా ముందే అడిగాడు. లేస్తుందా? లేస్తుంది. తొందరగా అయిపోతుందా? లేదు. సుఖం తెలుస్తుందా? తెలుస్తుంది. మరి చివర వీర్యం ఎంత వస్తుంది? వాడు తల దించుకున్నాడు. ఏమీ రాదట. కొన్నేళ్ళుగా చుక్క కూడా రాదట.

అది జబ్బని వాడెన్నడూ అనుకోలేదు. అంజూర్ ఫాటా చౌరస్తా దగ్గర గుడారం వేసిన వైద్యుడొకడు, వీర్యం బయటికి పోకుండా లోపల నిలిస్తే అది బలమేనని చెప్పి, ఇంకా నిలవడానికి పొడి ఇచ్చాడు. పూటంతా నిలబడి సాంచాలు నడిపేవాళ్ళకు ఒంట్లో సత్తువ పోతుందన్నదే పెద్ద భయం. వాడు నమ్మాడు. నమ్మి మురిశాడు కూడా.

డాక్టరు ఇంకో పరీక్ష చేయించాడు. ఆ పని అయిన వెంటనే పోసిన మూత్రం సీసాలో పట్టించి చూశాడు. వీర్యకణాలు అందులో ఉన్నాయి. జబ్బుకు ఆయన ఇంగ్లీషులో పేరు చెప్పాడు. నేను తల నెరిసినంక అక్షరాలు దిద్దినవాణ్ణి, ఆ పేరు నాకు పట్టుబడలేదు. అర్థమైంది రాస్తాను. వీర్యం తయారవుతూనే ఉంది. అది బయటికి పోయే సమయాన మూత్రసంచి మూతి బిగుసుకోవాలి. షుగర్ నరాలను తినేస్తే మూతి బిగుసుకోదు, వీర్యం వెనక్కి మళ్ళి సంచిలో పడుతుంది. ప్రాణానికేమీ కాదు, పిల్లలే కారు. ముందు షుగర్ దించాలి, ఆ పొడి పారేయాలి. మూతి బిగించే గోళీలున్నాయి, బీపీ చూసుకుంటూ మింగాలి, అవి కొందరికే పనిచేస్తాయి. చేయకపోతే మూత్రంలోంచే కణాలను తీసి, కడిగి, భార్య గర్భంలో వేసే పద్ధతి బొంబాయిలో ఉంది. ఈసారి భార్యను వెంట తీసుకురమ్మన్నాడు.

తిరిగి వస్తుంటే బస్సులో వాడు నా మోకాళ్ళు పట్టుకున్నాడు.

"కాకా, నీకు దండం పెడ్త. ఇంట్ల చెప్పకు."

నేను చెప్పనని, నువ్వే చెప్పాలని అన్నాను. వాడు గోళీలు కార్ఖానాలో దాచుకుని మింగాడు. ఇంట్లో నోరు విప్పలేదు.

పంచాయతీలో మా వదిన అన్నీ ఏకరువు పెట్టింది. దర్గాకు తిప్పారట, తాయెత్తులు కట్టించారట, దవాఖానాలో రెండుసార్లు గర్భసంచి కడిగించారట. రెండోసారి సంగతి నేను వినడం అదే మొదలు. ఆ పిల్ల వంట మూల పరదా వెనక ఉంది. కులపెద్ద కాళ్ళు చాపుకుని అన్నాడు:

"సాంచ మంచిగనే నడుస్తాంది. బీము మీద నూలే ఖరాబుంటే బట్ట యాడికెల్లి వస్తది?"

సాంచంటే మొగుడు, నూలంటే పెళ్ళాం; ఆయన తమ్ముడు నవ్వాడు. నేను మా అన్న కొడుకు వైపు తిరిగాను. "నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

"ఏంది తమ్మీ, వాడేం చెప్పాలె?" అని నన్నడిగింది వదిన.

వాడు చాప అంచు పీకుతూ అన్నాడు: "నాకు బయటికి రాదు. ధాతు లోపలికే పోతది. షుగర్‌తోని గట్లయింది. డాక్టర్ చూసిండు. దాని తప్పేం లేదు."

మొగవాడికి అట్లా కూడా అవుతుందా అని కులపెద్ద నన్నడిగాడు. అవుతుందన్నాను. డాక్టర్లన్నీ అబద్ధాలే చెప్తారని వదిన ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు పరదా పక్కకు జరిపి ఆ పిల్ల వచ్చి మొగుణ్ణి అడిగింది.

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"రాదని ఎప్పటిసందో ఎరుకే. రోగమని హోలీ ముందట ఎరుకైంది."

"నా కడుపు రెండోపారి కడిగిచ్చింది హోలీ అయినంక. దవాఖాన బయట నువ్వే కూసున్నవు."



దాంతో పెద్దల మాట మారిపోయింది. పిల్ల తప్పు లేదు, పోనక్కర్లేదు, ఇద్దరూ కలిసి ఠాణే పోవాలన్నారు. ఉండు చెల్లె అని ఆమె అన్న కూడా అన్నాడు. ఆమె వినకుండా చీరలు మూటగట్టుకుంది. ఉండమని నేనూ అడిగాను.

"రోగముంటే సేవ జేద్దును మామా. లేని రోగానికి నా కడుపు కడిగిచ్చుకుంట బయట కూసున్నడు. గా మనిషితోని ఎట్లుండాలె చెప్పు."

ఆ సాయంత్రమే అన్నతో ఊరికి పోయింది, మళ్ళీ రాలేదు.

వానలు పడ్డాక వాడు నా సాంచ దగ్గరికి వచ్చి, చెవిలో అరిచినట్టు చెప్పాడు, గోళీలు పనిచేశాయని, కొంచెం వచ్చిందని. చెప్పి తన పాళీ పనికి పోయాడు. ఠాణే మాత్రం మళ్ళీ పోలేదు. భార్యను తీసుకురమ్మన్న డాక్టరు దగ్గరికి ఒక్కడే ఎట్లా పోతాడు?

ఇదంతా జరిగిందనడానికి సాక్షులు, ఆ శుక్రవారం ఖోలీలో ఉన్నవాళ్ళు: మా వదిన, ఆమె కొడుకు, కోడలు, కోడలి అన్న, కులపెద్ద, ఆయన తమ్ముడు, నేను.