సీసా అడుగున నీళ్లు

మా ల్యాబులో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు లేరు. ముందు ‘బాబాయ్’, వెనక ‘చాదస్తం’. ఆ రెండో పేరు పెట్టిన ఘనుణ్ణి నేనే.

జ్యూస్ ఫ్యాక్టరీ వాళ్లు పారేసే బెర్రీ తొక్కలు, గింజలు మా దగ్గరికి వస్తాయి. వాటిని ఓవెన్‌లో ఎండబెట్టి, పొడి చేసి, ఉక్కు గొట్టంలో బిగిస్తాం. బొగ్గుపులుసు వాయువును వేడిచేసి గట్టిగా నొక్కితే అది అటు గాలీ కాదు, ఇటు ద్రవమూ కాదు. పొడిలోకి గాలిలా దూరి, లోపలి నూనెను కరిగించుకుని వస్తుంది. ఒత్తిడి తీసేస్తే వాయువు ఎగిరిపోయి సీసాలో నూనె మిగులుతుంది.

బాబాయ్ చాదస్తమంతా ఎండబెట్టడంలోనే. తూచేవాడు, మళ్లీ ఓవెన్‌లో పెట్టేవాడు, మళ్లీ తూచేవాడు.

“రెండు తూకాలు ఒకటయ్యేదాకా తడి ఉన్నట్టే తమ్ముడూ.”

ఈయన ఎండబెట్టేలోపు చెట్టు మళ్లీ కాపుకొస్తుందని చెప్పి నేను అందర్నీ నవ్వించేవాణ్ణి.

ఒకసారి ఒకే బస్తా సరుకు ఇద్దరికీ పంచారు. నేను ఒక్క తూకంతో సరిపెట్టేశాను. వంద గ్రాముల పొడికి నాకు పదిహేడు గ్రాముల నూనె వచ్చింది, ఆయనకు పన్నెండు. మా పెద్ద మేడం అందరి ముందూ ఆయన్ని కడిగేసింది.

“ఇన్నేళ్ల సర్వీసు చేసి, నూనంతా పొడిలోనే వదిలేశారా?”

ఆయన నావైపు తిరిగాడు. “నీ సరుకు బాగా ఎండిందా తమ్ముడూ?”

“ఎండింది బాబాయ్” అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. మర్నాటి నుంచి మెషీన్ నాది, సీసాలు కడిగే తొట్టి ఆయనది.

ఆ మర్నాడే, పరీక్షకు పంపుదామని నూనె తీయబోతే, రాత్రికి రాత్రి అది తేరుకుని ఉంది. పైన నూనె, అడుగున నీళ్లు. నూనె ఒక్కటీ తీసి తూచాను. పన్నెండు. సీసాను తొట్టిలో పడేసి గబగబా వచ్చేశాను.

ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఆయన సీసాలు తోముతున్న చప్పుడు వింటే సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నాలుగు నెలలు నెట్టాను. ఆయన రిటైరయ్యే రోజు వచ్చేసింది.

చేతులు తుడుచుకుంటుంటే దగ్గరికి వెళ్లాను. “బాబాయ్, ఆ పదిహేడు గ్రాములు...”

“తెలుసులే. ఆ సీసా కడిగింది నేనేగా.”

“మరి మేడంతో అనలేదేం?”

“నువ్వే చెప్తావని ఆగాను.”

సంచి తీసుకుని వెళ్లిపోయాడు. నేను మేడం గదిలోకి వెళ్లి, తలుపేసి, అంతా చెప్పాను.

“ముందు ఆయన్ని పిలవండి” అంది.

గేటు దగ్గరికి పరిగెత్తేసరికి బస్సెక్కేశాడు. ఆయన్ని తిట్టించింది అందరి ముందూ. నేను ఒప్పుకున్నది మాత్రం తలుపేసిన గదిలో.